కరెంటు పెనం, పనీనీ ప్రెస్: కొనడం నుంచి కడగడం దాకా

గ్యాసు పొయ్యి మీద అట్లు పోయడం అలవాటైనవారికి కరెంటు పెనం మొదటి వారంలో చిరాకే తెప్పిస్తుంది. మంట తగ్గిస్తే తగ్గి, పెంచితే పెరిగే పెనం కాదది. తన వేడిని తానే చూసుకుంటుంది, మన తొందర దానికి పట్టదు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర అద్దె ఇంట్లో నాలుగేళ్లుగా ఒక గ్రిడిల్‌తోను, అంటే కరెంటు పెనంతోను, శాండ్‌విచ్‌ను రెండు వేడి పలకల మధ్య ఒత్తే ఒక పనీనీ ప్రెస్‌తోను వండుతూ నేను నేర్చుకున్నదాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే, వీటి దగ్గర వంట అంటే ఆగడమే. మొదట పలక కాగేదాకా ఆగాలి, ఆ తరువాత ఒక వాయికీ మరో వాయికీ మధ్య ఆ పలక మళ్లీ వేడి పుంజుకునేదాకా ఆగాలి. కింద చెప్పిన పద్ధతులన్నీ ఈ ఒక్క అలవాటు చుట్టూ తిరిగేవే.

కొనే ముందు చూడవలసినవి

దుకాణానికి వెళ్లి శాండ్‌విచ్ మేకర్ కావాలని అడిగితే, త్రికోణపు గుంటలున్న చిన్న పెట్టెను చేతిలో పెడతారు. అది పల్చటి రొట్టె అంచులను నొక్కి మూయడానికి పనికొస్తుంది తప్ప, మందపాటి రొట్టెను, దండిగా కూరిన కూరను అందులో పట్టించలేము. మీకు కావలసింది గీతలు తేలిన రెండు బరువైన పలకలు, పైపలకకు పట్టుకోవడానికి ఒక పిడి ఉన్న యంత్రం. అదే పనీనీ ప్రెస్, దుకాణంలో దానిని గ్రిల్లర్ అనో కాంటాక్ట్ గ్రిల్ అనో అడిగితే చూపిస్తారు. గ్రిడిల్ అంటే మూత లేకుండా, పొడుగ్గా, చదునుగా ఉండే కరెంటు పెనం. మా అమ్మ ప్రెస్‌ను మొదటిసారి చూసి, “ఇదేంట్రా, ఇస్త్రీ పెట్టెకు ఇంకో ఇస్త్రీ పెట్టె బోర్లించినట్టుంది!” అంది. లోపలి సంగతి తెలిసి చెప్పినట్టే ఉంది ఆ మాట, ఎందుకంటే ఇస్త్రీ పెట్టెలో ఉన్నవే ఇందులోనూ ఉంటాయి: కరెంటుతో వేడెక్కే ఒక కాయిలు, ఆ వేడిని పట్టి ఉంచే లోహపు పలక, వేడి చాలినంత కాగానే కరెంటు ఆపి, చల్లారగానే మళ్లీ ఇచ్చే థర్మోస్టాట్.

ప్రెస్ కొనేటప్పుడు పైపలకను ఒక చేత్తో పైకెత్తి కొంచెం కదిపి చూడండి. కీలు దగ్గర అది పైకీ కిందికీ జరిగితే, మందపాటి రొట్టె మీద కూడా సమంగా వాలుతుంది. కీలు బిగుసుకుపోయి ఉంటే రొట్టె వెనుక అంచు నలిగిపోయి, ముందు అంచు తెల్లగానే ఉండిపోతుంది. పలకలు ఊడి వచ్చేవైతే కడగడం సగం తేలిక. వేడిని అంకెలతో చూపే నాబ్ ఉన్నదాన్నే ఎంచుకోండి, ఎందుకంటే పలక వేడెక్కిందని చూపే ఒక్క దీపం మాత్రమే ఉన్నవాటిలో అట్టుకు తగిన వేడినీ, చికెన్‌కు తగిన వేడినీ వేరు చేయడం మన చేతిలో ఉండదు. ఇంట్లో జాగా తక్కువై ఒక్కటే కొనదలచుకుంటే, 180 డిగ్రీలు పూర్తిగా తెరుచుకుని రెండు పలకలూ పక్కపక్కన పరుచుకునే ప్రెస్ మంచిది. దానికి గీతల పలకలతోపాటు చదును పలకలు కూడా వస్తే గ్రిడిల్ అవసరం చాలావరకు తీరిపోతుంది. భద్రత విషయంలో, పెట్టె మీద ఇంటి కరెంటు సామాన్ల భద్రతకు భారత ప్రమాణమైన ఐ.ఎస్. 302 ప్రస్తావనా, తీగకు ఎర్త్ పిన్ను ఉన్న మూడు పిన్నుల ప్లగ్గూ ఉన్నాయో లేదో చూడండి.

అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చి ఇచ్చే గ్రిడిల్ గురించి ఒక హెచ్చరిక చేయాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడిది 230. అక్కడ 1500 వాట్లు తీసుకునే కాయిలు ఇక్కడి ప్లగ్గులో పెడితే దాదాపు 5500 వాట్లు లాగుతుంది, ఎందుకంటే వోల్టేజి రెట్టింపుకు దగ్గరగా పెరిగితే విద్యుత్తు వినియోగం నాలుగు రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. మా అన్నయ్య ఎంతో ఆపేక్షగా మోసుకొచ్చిన గ్రిడిల్‌కు ప్లగ్గు మార్చే అడాప్టరు తగిలించి నేను స్విచ్చి వేశాను. అది నిమిషం తిరగక ముందే కమురు వాసన కొట్టి, ఇంటి ఎం.సి.బి.ని, అంటే లోడు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్చిని, పడగొట్టి, శాశ్వతంగా ఊరుకుంది. అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. అంత వాటేజికి సరిపడే ట్రాన్స్‌ఫార్మరు కొనడం కంటే ఇక్కడే కొత్త గ్రిడిల్ కొనుక్కోవడం నయం.

ఏ ప్లగ్గులో పెట్టాలి

యంత్రం అడుగున అంటించిన చీటీలో ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. మామూలు 6 యాంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1380 వాట్ల వరకే భరిస్తుంది. కాబట్టి 750 నుంచి 1000 వాట్ల ప్రెస్‌ను దానిలో పెట్టుకోవచ్చు. 1500 లేదా 2000 వాట్ల గ్రిడిల్‌ను మాత్రం 16 యాంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టాలి. బెంగళూరు అద్దె ఇళ్లలో వంటగదికి ఒకే పవర్ ప్లగ్గు ఉండి, దానిని ఫ్రిజ్జు ఆక్రమించుకుని ఉండడం సర్వసాధారణం. అటువంటప్పుడు ఎక్స్‌టెన్షన్ పెట్టెతో సర్దుకుందామని అనుకోకండి. ఆ పెట్టెల్లోని సన్నటి తీగ వేడెక్కి, పైతొడుగు మెత్తబడుతుంది. వంట మధ్యలో ఒకసారి ప్లగ్గును చేత్తో తాకి చూడండి, గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి తీసేయాలనిపించేంత వేడిగా ఉంటే ఆ సాకెట్టును ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కరెంటు పోయినప్పుడు జనరేటరు నుంచి ఒక్కో ఇంటికి కొద్దిపాటి కరెంటే ఇస్తారు. మా ఇంటికి ఇచ్చేది దీపాలకు, ఫ్యాన్లకు, ఫ్రిజ్జుకు చాలుతుంది. ఆ సమయంలో గ్రిడిల్ స్విచ్చి వేసి ఉంటే ఇల్లంతా చీకటవుతుంది. కరెంటు పోగానే ముందుగా గ్రిడిల్ స్విచ్చి తీసేయండి. ఇంట్లోని చిన్న ఇన్వర్టరు కూడా దీనిని మోయలేదు. ఇక బిల్లు సంగతి అడిగితే, 1500 వాట్ల గ్రిడిల్ అరగంట ఆగకుండా పనిచేసినా ముప్పావు యూనిట్టే కాలుతుంది, థర్మోస్టాట్ మధ్యమధ్యలో కరెంటు ఆపుతుంది కనుక నిజానికి అంతకంటే తక్కువే అవుతుంది.

మొదటి రోజు చేయవలసిన పని

పలకలను తడి గుడ్డతో తుడిచి, ఆరాక, కిటికీలు తెరిచిపెట్టి, ఏమీ వేయకుండా పది నిమిషాలు మధ్యస్థమైన వేడిలో ఉంచండి. తయారీలో అంటిన నూనె వాసన కొంత వస్తుంది, అది ఆ రోజుతో పోతుంది. తరువాత చల్లార్చి, రెండు చుక్కల నూనె రాసి, కాగితంతో తుడిచేయండి. ఇంతకంటే తంతు అక్కర్లేదు.

నాన్‌స్టిక్ పూత దాదాపు 260 డిగ్రీలు దాటిన తరువాత చెడిపోవడం మొదలవుతుంది. నాబ్ ఉన్న యంత్రాలు సాధారణంగా అంతదాకా పోవు, అయినా ఖాళీ పలకను అత్యధిక వేడిలో వదిలేసి ఫోను మాట్లాడడానికి వెళ్లకండి. ఆ పూత మితిమీరి కాలినప్పుడు వచ్చే పొగ పక్షుల ప్రాణానికే ముప్పు. బాల్కనీలోనో హాల్లోనో లవ్ బర్డ్స్ పెంచుకునేవారు ఈ వంట జరిగే చోటికి ఆ పంజరాన్ని దూరంగా పెట్టాలి.

పలక తీరు తెలుసుకోవడం

కొన్న వారంలోపు ఈ పరీక్ష ఒకసారి చేయండి, నాలుగేళ్లూ ఉపయోగపడుతుంది. మామూలు బ్రెడ్డు ప్యాకెట్టు ఒకటి తెచ్చుకోండి. గ్రిడిల్ నాబ్‌ను 180 దగ్గర పెట్టి, పలక కాగాక, బ్రెడ్డు ముక్కలను ఖాళీ లేకుండా పలకంతటా పరచండి. 3 నిమిషాల తరువాత అన్నిటినీ వాటి వాటి చోట్లలోనే తిరగేయండి. ఏ ముక్క నల్లబడిందో, ఏది గోధుమరంగుకు వచ్చిందో, ఏది తెల్లగానే మిగిలిందో చూస్తే, పలక కింద కాయిలు ఏ దారిన పోయిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నా గ్రిడిల్‌లో గుర్రపు నాడా ఆకారంలో ముదురు చార తేలింది. నడుమ లేత గోధుమరంగు, ఎడమవైపు వెనుక మూల దాదాపు తెలుపు. ఆ రోజు నుంచి ఆ మూలను నేను అయిపోయిన అట్లు వెచ్చగా ఉంచుకునే చోటుగా వాడుకుంటున్నాను, కాలవలసినవి మాత్రం చార మీద పెడతాను.

దీపం ఒకసారి ఆరగానే పలక సిద్ధమైందని అనుకోవడం అందరూ చేసే పొరపాటు. థర్మోస్టాట్ ఉన్నచోట వేడి చేరిందనే ఆ దీపం చెబుతుంది. పలక అంచులకు ఆ వేడి పాకడానికి ఇంకా సమయం పడుతుంది. దీపం ఆరి, మళ్లీ వెలిగి, రెండోసారి ఆరేదాకా ఆగండి. అప్పుడు నాలుగు నీటి చుక్కలు చిలకరించి చూడండి. చుక్క చుయ్యిమని అక్కడికక్కడే ఆవిరైతే అట్టు పోయడానికి తగిన వేడి. అది ముత్యంలా గుండ్రంగా మారి పలక మీద పరుగులు పెడితే వేడి దాదాపు 200 డిగ్రీలకు చేరినట్టు లెక్క. చుక్కకూ పలకకూ మధ్య పలుచటి ఆవిరి పొర ఏర్పడి, చుక్క దాని మీద తేలడం వల్ల అలా పరుగెడుతుంది. ఈ వింతను 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు గనక దానికి ఆయన పేరే నిలిచింది. మన అమ్మలు మాత్రం శాస్త్రం పేరు తెలియకుండానే పెనం మీద నీళ్లు చల్లి ఇదే సంగతి కనిపెట్టేవారు.

శాండ్‌విచ్ ఒత్తడం

ఇటాలియన్‌లో పనీనో అంటే ఒకటి, పనీనీ అంటే బహువచనం, కాబట్టి మనం పనీనీలు అన్నప్పుడు బహువచనానికి మరో బహువచనం తగిలిస్తున్నామన్నమాట. దానికి వాడే సియాబట్టా రొట్టె కూడా అనుకున్నంత ప్రాచీనమైనదేమీ కాదు, 1982లో ఆర్నాల్డో కవల్లారి అనే ఇటాలియన్ దానిని తయారుచేశాడు. బెంగళూరులో పెద్ద బేకరీలలో అది దొరుకుతుంది, కాని దాని కోసం వెతకవలసిన పని లేదు. వీధి చివరి అయ్యంగార్ బేకరీలో కోయని బ్రెడ్డు అడిగి తెచ్చుకుని, మరునాడు ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన మీరే కోసుకోండి. ఆ రోజే కాల్చిన బ్రెడ్డు పలకల మధ్య నలిగి ముద్దవుతుంది. ఒకరోజు ఆరినది గట్టిగా నిలబడుతుంది.

మా ఇంట్లో ఎక్కువగా చేసేది ఆవకాయ పనీర్ శాండ్‌విచ్. పనీర్‌ను ఒక సెంటీమీటరు మందాన కోసి, పొడిగుడ్డలో పెట్టి అద్దండి. ఆవకాయలోంచి ముక్కను పక్కన పెట్టి, ఊటను, గుజ్జును మాత్రం ఒక్క చెంచాడు తీసుకుని పనీర్‌కు పట్టించండి. అంతకు మించితే ఉప్పే తెలుస్తుంది. ఉల్లిపాయ కాగితంలా పల్చగా తరగాలి, టమాటా వేసేటట్టయితే గింజలు, రసం తీసేయాలి, ఎందుకంటే తడి ఎక్కువైతే రొట్టె కాలడానికి బదులు ఉడుకుతుంది. ముందుగా తురిమిన మొజరెల్లా చీజు కొంత ఒక ముక్క మీద చల్లి, పైన పనీరు, ఉల్లిపాయ పేర్చి, మళ్లీ కొంత చీజు చల్లి, రెండో ముక్క మూయండి. చీజు రెండువైపులా కరిగి జిగురులా పట్టుకుంటేనే కోసినప్పుడు లోపలివి జారిపోవు. వెన్న లోపల కాదు, రొట్టె బయటివైపుల అంచుల దాకా రాయాలి. నందిని వెన్న అయినా, ఇంటి వెన్న అయినా గది వేడికి మెత్తబడ్డాక రాస్తే రొట్టె చిరగదు.

ప్రెస్‌ను 190 దగ్గర పెట్టి, దీపం రెండోసారి ఆరాక శాండ్‌విచ్ పెట్టి, పైపలకను దాని బరువుతోనే వాలనివ్వండి. మొదటి నిమిషంలో చేత్తో నొక్కకండి. చీజు ఇంకా కరగలేదు కాబట్టి లోపలివన్నీ పక్కలకు తోసుకొచ్చి, పలక మీద మాడతాయి. నిమిషం దాటాక ఒక్కసారి మెత్తగా అదిమితే చాలు. మొదట్లో పక్కల నుంచి ఆవిరి గట్టిగా వస్తూ, చుయ్యిమనే చప్పుడు వినిపిస్తుంది. నాలుగైదు నిమిషాలకు ఆ చప్పుడు సన్నగిల్లి, ఆవిరి తగ్గి, మాడిన వెన్న కాదు, కాగిన వెన్న వాసన వస్తుంది. గడియారం కంటే ఆ చప్పుడునే నమ్మండి. అంతకు ముందే మూత ఎత్తి ఎత్తి చూస్తే పలక వేడి పడిపోయి, రొట్టె పైపొర పీకుకు వస్తుంది.

తీసిన శాండ్‌విచ్‌ను పళ్లెంలో పెడితే కింది ఆవిరికి రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. పిండి జల్లెడ మీద గాని, ఇనుప జాలీ మీద గాని పెట్టి, రెండు నిమిషాలు ఆగి, రంపంలా పళ్లున్న కత్తితో కోయండి. రెండో శాండ్‌విచ్ పెట్టే ముందు దీపం ఒకసారి ఆరనివ్వండి. ఇంట్లో నలుగురికి చేస్తున్నప్పుడు ఈ ఆగడమే కష్టం, మూడో శాండ్‌విచ్ వెలవెలబోవడానికి కారణం ఎప్పుడూ ఇదే.

గ్రిడిల్ మీద పెసరట్టు

బెంగళూరు మల్లేశ్వరంలోని సి.టి.ఆర్. హోటల్లో బెన్నె దోసె, అంటే వెన్న దోసె, తిని వచ్చి, అదే కరకర ఇంటి గ్రిడిల్ మీద రావాలని ఆశపడకండి. హోటలు పెనం మందపాటి ఇనుము, కింద ఆగని పెద్ద మంట. చల్లటి పిండి పడినా దాని వేడి తగ్గదు. ఇంటి గ్రిడిల్ పలుచటి అల్యూమినియం పలక, పిండి పడగానే చల్లబడుతుంది. పల్చటి కాగితపు దోసెకు అది సరిపోదు. పెసరట్టు, ఊతప్పం, గోధుమ అట్టు వంటి కాస్త మందపాటివి మాత్రం దాని మీద బాగా వస్తాయి, పైగా ఒకేసారి రెండు పోసుకోవచ్చు.

పెసలను 5 లేదా 6 గంటలు నానబెట్టి, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపి రుబ్బండి. పులియబెట్టనక్కరలేదు కనుక డిసెంబరు చలిలో బెంగళూరువాసులకు ఇది దోసెపిండి కంటే నమ్మదగినది. ఇక అసలు చిక్కు పలచగా తిప్పేటప్పుడు వస్తుంది: నాన్‌స్టిక్ పలక బాగా కాగి ఉంటే పిండి పలకను వదిలి గరిటెతోపాటే తిరుగుతుంది. అందుకని వేడిని మొదట 150కి తగ్గించి, తడి గుడ్డతో పలకను ఒకసారి తుడిచి, వెంటనే పిండి పోసి, గరిటె అడుగుతో మధ్య నుంచి బయటకు తేలికగా తిప్పండి. తరువాత నాబ్‌ను 200కు పెంచండి. స్టీలు గరిటె పూతను గీస్తుంది, చెక్కదో నైలాన్‌దో వాడాలి; తీయడానికి కూడా చెక్క అట్లకాడే. ఉల్లిపాయ ముక్కలు, అల్లం తురుము తడి మీదే చల్లి, అంచుల చుట్టూ నూనె వేయండి. అంచు తానుగా పైకి లేచి, పైన పచ్చిదనం పోయి మెరుపు తగ్గినప్పుడు మడవండి. ప్రతి అట్టు తరువాత పలక తుడవడం, మళ్లీ 150కి తగ్గించడం మరిచిపోకండి. తడి గుడ్డ నీళ్లు పిండినదై ఉండాలి, నీళ్లు కారుతూ ఉంటే, థర్మోస్టాట్ ఊడి వచ్చే గ్రిడిల్‌లో దానిని గుచ్చే చోటికి చేరుతాయి.

చపాతీ దీని మీద పొంగదు, నేను చేసి చేసి మానుకున్నాను. రాత్రి మిగిలిన చపాతీని మాత్రం ప్రెస్‌లో 150 దగ్గర రెండు మూడు నిమిషాలు ఒత్తితే గుజరాతీల ఖాఖ్రాలా కరకరలాడుతుంది. దాని మీద నెయ్యి, కారప్పొడి వేసుకుంటే సాయంత్రం టీకి వేరే పలహారం అక్కర్లేదు.

చికెన్ చేసేవారు ఎముకలేని ముక్కను ఒక సెంటీమీటరు మందానికి సమంగా చితక్కొట్టి, పెరుగు మసాలాను పైనుంచి తుడిచేసి ప్రెస్‌లో పెట్టాలి. రెండువైపులా ఒకేసారి కాలుతుంది గనక 6 నిమిషాలకు దగ్గరలో పని అయిపోతుంది, కాని మధ్యభాగం 74 డిగ్రీలకు చేరిందని వంట థర్మామీటరుతో చూసుకున్నాకే వడ్డించండి. కారం ఎక్కువగా పట్టించిన ముక్కలు ఎగ్జాస్టు ఫ్యాను లేని గదిలో ఇంటిల్లిపాదినీ దగ్గిస్తాయి. కొవ్వు కారే పళ్లెంను ముందు పెట్టడం మరిచిపోతే అదంతా గట్టు మీదకే వస్తుంది.

కడగడం, దాచడం

ప్లగ్గు తీసేసి, పలక గోరువెచ్చగా ఉన్నప్పుడు తుడవాలి. మండుతున్న పలక మీద చన్నీళ్లు పోస్తే పలక వంకరపోయి, ఆ తరువాత నూనె అంతా ఒక మూలకే చేరుతుంది. ప్రెస్ విషయంలో నేను చేసేదిది: స్విచ్చి తీసిన పది నిమిషాలకు, తడిపి పిండిన పేపర్ న్యాప్‌కిన్లు రెండు మడతలు పలకల మధ్య పెట్టి మూత మూస్తాను. తినడం అయ్యేలోపు ఆ ఆవిరికి గీతల మధ్య అంటుకున్న చీజు మెత్తబడి, చెక్క చెంచా మొనతో లాగితే ఊడి వస్తుంది. అప్పటికీ వదలని జిడ్డుకు వంటసోడాలో నాలుగు చుక్కల నీళ్లు కలిపి పూసి, పావుగంట తరువాత మెత్తటి స్పాంజితో తుడవండి. స్టీలు పీచు జోలికి పోకండి. పలకలు ఊడనివైతే యంత్రాన్ని కొళాయి కింద పెట్టకూడదని చెప్పనక్కరలేదు, కాని వంటపనికి వచ్చే అక్కకు ఆ సంగతి విడమరిచి చెప్పండి. గిన్నెలతోపాటు దానినీ తొట్టిలో వేయడం నేను చూశాను. డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రేలు కూడా వద్దు, వాటిలోని లెసిథిన్ పూత మీద బంకగా పేరుకుపోతుంది, దానిని వదిలించడం కష్టం. థర్మోస్టాట్ ఊడి వచ్చే గ్రిడిల్‌లో, ఆ గుచ్చే చోటు పూర్తిగా ఆరిందని చూసుకున్న తరువాతే దానిని మళ్లీ పెట్టండి.

దాచేటప్పుడు కీలు సందుల్లో రొట్టె పొడి మిగలకుండా పాత టూత్‌బ్రష్షుతో దులపాలి, లేకపోతే తెల్లారేసరికి చీమలు బారులు తీరతాయి. తీగను యంత్రానికి బిగించి చుట్టకండి. అది యంత్రంలోంచి బయటికొచ్చే చోటే విరిగి, లోపల రాగి తీగలు తెగుతాయి. అరచెయ్యంత వెడల్పున వదులుగా చుట్టి, ఒక రబ్బరు బ్యాండు వేసి, పక్కన పెట్టండి. పలకల మధ్య ఒక పొడి నూలుగుడ్డ పరిచి మూసేస్తే పూతలు ఒకదానినొకటి రాసుకోవు.